గట్టిమేళం వేళ టీ గ్లాసు

గట్టిమేళం మోగగానే పెళ్ళికి వచ్చినవాళ్ళందరూ వధూవరుల వైపు చూస్తారు. నా చూపు మాత్రం ముందు డోలు వాయించే మనిషి చేతుల మీదికి పోతుంది. నిన్న ప్రొద్దుటూరు కల్యాణమండపంలోనూ అంతే. సన్నాయి ఎత్తుకుంది, డోలు చెవులు దిబ్బళ్ళు పడేలా మోగింది, అక్షింతల పసుపు వాసన గాలిలో లేచింది. ఆయన చేతిలో పుల్ల ఆడుతోందని చూసుకొని, అప్పుడు కెమెరా కంటికి ఆనించాను. మూడు ముళ్ళూ దొరికాయి. ఇదేం పిచ్చి అలవాటని నా దగ్గర పనిచేసేవాళ్ళు చాటుగా నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. ఈ అలవాటు నాకు మస్తాన్ మామ వల్ల వచ్చింది, ఆయన్ను వాళ్ళెవరూ చూడలేదు.

బంగారం అంగళ్ళ వీధిలో మేడ మీద ఆయన స్టూడియో ఉండేది. వీధి వీధంతా ఆయన్ను మామా అనే పిలిచేది కాబట్టి నేనూ అలాగే పిలిచాను. డిగ్రీ అయి, రెండేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి విసిగిపోయి, కంప్యూటర్ మీద ఆల్బమ్‌లు తయారుచేసే పనికి ఆయన దగ్గర చేరాను. పని తెలుసునన్న గర్వం బాగానే ఉండేది. మొదటి వారమే ఒక పెళ్ళికూతురి ముఖాన్ని రెండు గంటలు కూర్చుని తెల్లగా, నున్నగా చేసి, మెచ్చుకుంటాడని ఆయన్ను పిలిచాను. కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఎవురు పాపా ఈ పిల్ల?"

"మొన్నటి పెళ్ళికూతురే మామా."

"నేను తీసింది ఈ పిల్లను గాదే. ఆ పిల్ల వాళ్ళమ్మ రంగు. రంగు మార్చినావంటే వాళ్ళమ్మను మార్చినట్లే."

అంతే అన్నాడు, పోయి టీ తెచ్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళివాళ్ళే కదా తెల్లగా చేయమని అడిగేది అని మనసులో సణుక్కుంటూ మళ్ళీ పాత ముఖాన్నే పెట్టాను. ఆల్బమ్ తీసుకుపోవడానికి వచ్చిన ఆ తల్లి, కూతురి ఫోటో మీద చెయ్యి పెట్టి "అచ్చం నేనే మామా, నా పెండ్లప్పుడు ఇట్లనే ఉంటి" అని మురిసిపోయింది. మామ నా వైపు చూడను కూడా లేదు. చూసి ఉంటే ఇంకా కోపం వచ్చేది.

కెమెరా పట్టుకోవాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. అడిగితే కాదనలేదు, కాని ముందు తన వెంట తిరగమన్నాడు. పెళ్ళికి ముందురోజు కెమెరా లేకుండా ఆ ఇంటికి పోయేవాడు. టీ తాగుతూ కూర్చుని, ఎవరికి ఎవరంటే ప్రాణమో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో కనిపెట్టేవాడు. ఎవరినీ నవ్వమనేవాడు కాదు. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా, లేదా?" అని పెళ్ళికూతుర్ని అడిగేవాడు. ఆకలితో నీరసించి ఉన్న పిల్ల ఫక్కున నవ్వేది, ఆ నవ్వు ఆయనకు దొరికేది. మండపంలో ఎప్పుడూ మోకాళ్ళ మీదే కూర్చునేవాడు. కన్నవాళ్ళకు అడ్డం నిలబడి తీసిన ఫోటో ఎంత బాగుంటే మాత్రం ఏం లాభమనేవాడు. పెళ్ళిలో ఉన్నంతసేపు ఫోన్ నోరు మూసి సంచిలో పెట్టాలి, అది కూడా ఆయన నియమమే. ముసలివాళ్ళను ఒక్కొక్కరినే వరండాలో వెలుతురు పడేచోట కూర్చోబెట్టి, పైట సర్దుకోనిచ్చి, తీరిగ్గా తలొక ఫోటో తీసేవాడు. అడగనివాళ్ళకు ఎందుకు మామా అంటే, "వాండ్లు అడగరు పాపా. అడిగేదానికి సిగ్గు" అన్నాడు.

రెండేళ్ళు గడిచాక జమ్మలమడుగు దాటి ఒక పల్లెలో జరిగిన పెళ్ళికి పెద్ద కెమెరా నా చేతికిచ్చాడు. అప్పటికి మా వైపు పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కెమెరా పట్టడం లేదు. "ఆడపిల్లకు ఇచ్చినావే, కుదుర్తాదా?" అని ఆయన్ను మొహం మీదే అడిగినవాళ్ళు ఉన్నారు. "ఆ పాప తీస్తాది" అని మాత్రం అన్నాడు. ఆ పెళ్ళి చెడితే ఇంకో పెళ్ళి నాకు రాదని నాకు బాగా తెలుసు. పెళ్ళికూతురు సుజాత ఓబులరెడ్డికి ఒక్కగానొక్క బిడ్డ. మామ బయట వరండాలో ముసలివాళ్ళను కూర్చోబెట్టుకున్నాడు, మండపం నాకు వదిలేశాడు. జీలకర్రబెల్లం ఫోటో అద్భుతంగా వచ్చింది. ఎంత అద్భుతంగా వచ్చిందో కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూసుకుంటున్నాను. సుజాత కనురెప్పల మీది తడి కూడా కనిపిస్తోంది. ఇంతలో గట్టిమేళం పగిలినట్లు మోగింది. తలెత్తేసరికి అక్షింతల వాన. పెళ్ళికొడుకు చేతులు తాళి మీది నుంచి అప్పటికే దిగిపోతున్నాయి. మూడు ముళ్ళు పడిపోయాయి, నా దగ్గర ఒక్కటీ లేదు.

ఏం చేస్తున్నానో తెలియకుండానే ముందుకు పోయి, "అన్నా, ఇంకొక్కసారి చేతులు మెడ దగ్గర పెట్టన్నా" అన్నాను. అతను నవ్వుతూ పెట్టాడు. సుజాత నవ్వింది, చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. గబగబా నాలుగు తీశాను. బతికిపోయాననుకొని ఆ రోజు కడుపు నిండా పెళ్ళిభోజనం చేశాను.

వారం తర్వాత కంప్యూటర్‌లో ఆల్బమ్ పేజీలు చూస్తూ మామ ఆ ఫోటో దగ్గర ఆగాడు. వేలితో తెర మూల చూపించాడు. అక్కడ డోలాయన పుల్లను చంకలో ఇరికించుకొని, స్టీలు గ్లాసు ఎత్తి హాయిగా టీ తాగుతున్నాడు.

"గట్టిమేళంలో టీ తాగేటోన్ని నేను ఇంతవరకూ సూడలే పాపా" అన్నాడు. తర్వాత వేలు సుజాత జుట్టు మీదికి జరిపాడు. "తాళి కట్టకముందే ఈ అక్షింతలు యాడినుంచి వచ్చినాయి?"

దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. డోలాయన్ను కత్తిరించేస్తానని, జుట్టులోని అక్షింతలు ఒక్కొక్కటే చెరిపేస్తానని, అరగంట పని అని కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెరపొచ్చు. నీకు శానా బాగా వస్తాది ఆ పని. మరి మిగిలిన ఫోటోలు నిజమని ఆ పిల్లకు ఎవురు చెప్పాల?" అని, అద్దాలు మళ్ళీ పెట్టుకొని, "రేపు పొద్దన బస్సుకు పోదాం. తప్పు నీది, నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంటా" అన్నాడు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని శనక్కాయలు తింటూ వచ్చాడు. నాకు ఇవ్వబోతే వద్దన్నాను. ఇంక నన్ను ఎవరూ పెళ్ళికి పిలవరు, ఈయనకూ ఇన్నేళ్ళ మంచిపేరు పోతుంది, ఒక్క ఫోటో కోసం ఇంత అవసరమా అని ఆయన మీదే కోపం వచ్చింది. మేము పోయేసరికి సుజాత పుట్టింటికి వచ్చి ఉంది. నేను జరిగింది జరిగినట్లు చెప్పాను. ఓబులరెడ్డి ముఖం ఎర్రబడింది.

"ఉండేది ఒక్క బిడ్డ. ఆ ముడి ఏసే ఫోటోనే లేకుంటే ఈ ఆల్బమ్‌ను ఏం జేసుకోవాల మామా? ఆపొద్దే అంటి నేను, ఆడపిల్లకు ఇయ్యొద్దని!" అని లేచి బయటికి, గొడ్ల దగ్గరికి పోయాడు.

మామ నా తరఫున ఒక్క మాటైనా మాట్లాడతాడేమోనని చూశాను, మాట్లాడలేదు. సుజాత మేము తెచ్చిన ఆ ఫోటోను దగ్గరికి తీసుకొని చూసింది.

"అక్కా, తాళి కట్టేటప్పుడు నేను ఏడ్చినా. దీంట్లో పండ్లన్నీ కనపడేటట్లు నవ్వుతాండా. ఇది వద్దు. ఆడ ఖాళీగా ఇడ్సు."

"పెండ్లి ఆల్బమ్‌లో ఖాళీ ఏందే?" అంది వాళ్ళమ్మ సుబ్బమ్మ. అని, ఎందుకో తనలో తనే నవ్వుకుంది. "ఆపొద్దు మీ నాయన అక్షింతలు ఏద్దామని లేచినాడా, ఆయన పంచె కొస నా కాలికింద ఉండె. లేచినోడు లేచినట్లే ఎనక్కి పడబోయి, అక్షింతలన్నీ పోయి మంత్రాలు సదివే అయ్యవారి తలమీద పోసినాడు."

"తలమీద గాదు, భుజంమింద!" అని గొడ్ల దగ్గర్నుంచి కేక వినబడింది.

"తలమీదనే. ఆయప్ప దులుపుకోల్యా?"

ఓబులరెడ్డి గుమ్మం దాకా వచ్చాడు. తాను ఎందుకు తూలాడో, కళ్ళలో నీళ్ళుండి అయ్యవారు ఎలా కనబడలేదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఏడ్చిన సంగతి సుజాతకు అంతవరకూ తెలియదు. ముగ్గురూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ ఆ ఒక్క క్షణాన్ని అరగంట చెప్పుకున్నారు. మామ చెంపకు చెయ్యి ఆనించుకొని విన్నాడు. మేము లేచేటప్పుడు ఓబులరెడ్డి నాతో, "ఖాళీగానే పెట్టు పాపా. శ్రీమంతానికి గూడా నువ్వే రావాల. ఈసారి ఆ తెరను సూసుకుంటా కూసోవాకు" అన్నాడు. తిరుగు బస్సులో మామ శనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టాడు, అప్పుడు తిన్నాను.

శ్రీమంతానికి పోయాను. ఇంటికొచ్చిన చుట్టాలకు సుబ్బమ్మ ఆల్బమ్ చూపిస్తోంది. నా అద్భుతమైన జీలకర్రబెల్లం ఫోటోను చటుక్కున తిప్పేసింది. తెల్లని పేజీ దగ్గర మాత్రం ఆగి, అయ్యవారి తల నుంచి మొదలుపెట్టింది. భుజం అని ఓబులరెడ్డి అవతలి గదిలోంచి సరిదిద్దాడు. ఆ ఇంట్లో నేను తీసిన ఫోటోలన్నిటి కంటే నేను తీయని ఆ ఒక్క దాన్నే ఎక్కువమంది చూశారు. ఈ మాట మామతో అంటే, "మరి ఇంగ కెమెరా ఇంట్లో పెట్టేసి పో" అని ఎగతాళి చేశాడు.

ఆయన పోయిన రోజు నేను పులివెందులలో పెళ్ళి తీస్తున్నాను. ఆయన నేర్పినట్లే ఫోన్ నోరు మూసి సంచిలో పెట్టాను. తలంబ్రాలు అయ్యాక చూస్తే లెక్కలేనన్ని ఫోన్లు. కారులో పరుగున ప్రొద్దుటూరు చేరేసరికి మామను మోసుకొని జనాజా వెళ్ళిపోయింది, వీధిలో చెప్పులు మాత్రం చెల్లాచెదరుగా ఉన్నాయి. చివరిసారి ఆ ముఖం చూడలేకపోయాను. లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఆయన భార్య, మా ఖాజాబీ అత్త, నన్ను చూసి కాస్త జరిగి చాప మీద చోటిచ్చింది. నేను గట్టిగా ఏడ్చాను. ఏడుపు కాస్త తగ్గాక నా చెయ్యి పట్టుకొని, "నువ్వు సూడల్యా గదా, నేను జెప్తా ఇను" అంది. పొద్దున నమాజు చేసుకున్నాడట, టీ అడిగాడట, గ్లాసు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని రంగు బాగుందన్నాడట. ఒక గుక్క తాగి గోడకు ఆనుకున్నాడట.

నలభయ్యో రోజుకు ఆయన ఫోటోలు ఉన్నవన్నీ పోగేసి అత్తకు ఒక చిన్న ఆల్బమ్ చేసి ఇచ్చాను. ఆయన రంగు మార్చలేదు. చివరి పేజీ ఖాళీగా వదిలాను, ఎందుకని అత్త అడగలేదు. ఇప్పటికీ నేను పోయినప్పుడల్లా ఆల్బమ్ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటుంది. ముందు పేజీలు తొందరగా తిప్పేసి ఆ తెల్లని పేజీ మీద అరచెయ్యి ఆనించి, ఆ పొద్దుటి సంగతి మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. టీలో ఒకసారి అల్లం వేశానంటుంది, ఒకసారి యాలకులంటుంది. నేను సరిదిద్దను. ఆ పొద్దు అక్కడ లేనిది నేనే కదా.