కప్పులకు చుట్టిన సంచికలు

ఇంగ్లండులో ఒకాయన విమానాల పత్రిక ఒకదాని చరిత్ర రాసుకుంటున్నాడు. అందులో యుద్ధకాలం గురించి కొన్ని చోట్ల ఖాళీలు ఉండిపోతే, దానికి కారణం నేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

కరోనా ఏడాది అది. దుబాయ్‌లో కొలువులు పోయి జనం సామాను కట్టించుకుని వెళ్ళిపోతున్నారు. జెబెల్ అలీలో సామాను కట్టి పంపే కంపెనీలో నేను ప్యాకర్‌ని. కప్పులు, గాజు సామాను నా వంతు. నా జోడీ కడప అతను. మంచాలు, బీరువాలు విప్పేవాడు. ఆ రోజు మేం వెళ్ళింది ఒక తెల్ల ముసలాయన విల్లాకు.

ఆయన వయసులో ఉండగా ఆ పత్రికలో పనిచేశాడట, ఇంగ్లండు వెళ్ళాక దాని చరిత్ర రాస్తాడట. మేం అడగకపోయినా బౌండు పుస్తకాలు తెరిచి చూపించాడు. మొదట్లో గుడ్డ రెక్కల విమానాల బొమ్మలు, తర్వాత ప్రకటనలతో లావెక్కిన సంచికలు, చివర్లో చదివేవాళ్ళు తగ్గి మళ్ళీ బక్కచిక్కినవి. యుద్ధంలో కాగితం కరువై పలచగా అచ్చేసిన సంచికలు ఇప్పుడు దొరకడం కష్టమని కూడా చెప్పాడు. నేను ఆవులిస్తూ తలూపాను.

మధ్యాహ్నానికి మా తెల్లకాగితం అయిపోయింది. వంటింటి గుమ్మం దగ్గర పెట్టింది పారేసేదే అని మా ప్యాకర్ల లెక్క. అక్కడ ఒక అట్టపెట్టెలో పాత కాగితాలున్నాయి. మెత్తగా ఉన్నాయి, గాజుకు అంతకంటే ఏం కావాలి? పిన్నులు పీకి, కప్పుకు రెండేసి పేజీలు చుట్టి టేపు వేశాను. పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

లారీ నిండాక ముసలాయన వచ్చి, చేతిసంచిలో తీసుకెళ్దామని గుమ్మం దగ్గర పెట్టుకున్న యుద్ధకాలం సంచికల పెట్టె ఏదని అడిగాడు. అప్పుడే చెప్పి ఉంటే డబ్బాలు విప్పేవాళ్ళం, పేజీలు సాపు చేసి ఇచ్చేవాళ్ళం. కానీ ఆ నెల కంపెనీ ఎవర్ని తీసేద్దామా అని సాకు వెతుకుతోంది. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన ఖాళీ గదుల్లో వంగి వంగి వెతుకుతుంటే చూస్తూ నిలబడ్డాను.

రెండు నెలలకు ఆయన దగ్గర్నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. కప్పులు విప్పితే పేజీలు బయటపడ్డాయట. ఇస్త్రీ చేసుకుని చాలావరకు దక్కించుకున్నాడట, కొన్ని మాత్రం చదవడానికి లేకుండా చిరిగాయట. ముదీర్, అంటే మా మేనేజరు, నన్ను పిలిచి, వంటింటి సామాను ఎవరు కట్టారని అడిగాడు. కడప అతన్ని ఇంటికి పంపేసి అప్పటికే నెలయింది. వెళ్ళిపోయినవాడికి కొత్తగా పోయేదేముందని అతని పేరు చెప్పాను.

పోయేది ఉంది. మరుసటేడు పని పెరిగితే పాతవాళ్ళందరినీ వెనక్కి పిలిచారు, అతన్ని తప్ప. ఫోన్ చేశాడు.

"అన్నా, అందరికీ వీసాలొచ్చినాయంట. నన్ను మాత్రం పిలవల్యా. నేనేం తప్పు జేసినా?"

"ఏం లేదు తమ్మీ. ముదీర్‌తోని నేను మాట్లాడ్త గద."

మాట్లాడలేదు. అతను తిరిగొస్తే తన కాగితాల్లో ఏం రాసుందో తెలిసిపోతుంది, నేనేంటో కూడా తెలిసిపోతుంది. అప్పటికి నేను ప్యాకర్లందరికీ పెద్దనయ్యాను. ఆరు నెలలు అతను అడుగుతూనే ఉన్నాడు, నేను రేపు మాపు అంటూనే ఉన్నాను. చివరికి ఒకరోజు అతనే తేల్చేశాడు.

"ఇంగ ఇడ్సిపెట్టన్నా. ఈడ్నే ఆటో తోలుకుంటా. నువ్వు మాత్రం ఎన్నిసార్లని అడుగుతావు ఆ ముదీర్‌ని? అంతమందిలో నా కోసరం మాట్లాడినోడివి నువ్వొక్కడివే. అల్లా నిన్ను సల్లగా సూడాల."

నేను కాదనలేదు.