రెండు వందల జవాబులు

బిక్షమ్మ కూతురు మెర్సీ, హాలియా దగ్గర కాలువ నీటి పంపకం చూసే ఒక కార్యాలయంలో కాంట్రాక్టు ఉద్యోగి. యాసంగి నీళ్లు వదలకముందే ఆమె కంప్యూటరులో కాలువ బొమ్మ ఒకటి తయారుచేసింది. షట్టరు ఎంత ఎత్తాలో, ఎన్ని రోజులు వదలాలో మీట జరిపి చెబితే, నీరు ఏ ఊరి దాకా పారుతుందో అది చూపుతుంది. అయితే ప్రతిసారీ కాలువ పొడవునా లెక్క కట్టుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టేది.

మొదటి సమావేశంలో రైతులు నవ్వారు. "గీ బొమ్మ కదిలేలోపు మా వరి కోతకొస్తది బిడ్డా!" అన్నాడు చివరి ఆయకట్టు రైతు చెన్నయ్య. ఇంజనీరు పరశురాం నవ్వలేదు, తీర్పు చెప్పాడు. "మంగళవారం ఒక్కటే బొమ్మ పెడదాం. పది రోజుల నీళ్ల వంతు. సంతకాలు తీసుకుందాం."

పదకొండో రోజు నీళ్లిస్తే ఏమవుతుందని అడిగే దారి చివరి పొలాలకు మూసుకుపోయినట్టే. మెర్సీకి అది మింగుడుపడలేదు.

శనివారం తల్లికి సద్ది ఇవ్వడానికి బోరు కింది మడికి వెళ్లింది. నాటు మొదలుకాకముందే బిక్షమ్మ మడి నిండా నారు కట్టలు విసురుతున్నది.

"ముందుగాలనే గిన్ని ఎందుకే అమ్మా?"

"నాటేటోళ్లు కట్టకట్టకు ఒడ్డు మీదికి ఉరుకుతరా? చెయ్యి చాపితే అందాలె."

షట్టరుకు పది ఎత్తులు, నీళ్లు వదలడానికి ఒకటి నుంచి ఇరవై దాకా రోజులు. కలిపి చూస్తే రైతులు అడగగలిగే ప్రశ్నలు రెండు వందలే. మెర్సీ పదమూడు గంటలకు పైగా యంత్రాన్ని నడిపి అన్నిటికీ ముందే జవాబులు కట్టి దాచిపెట్టింది.

మంగళవారం సమావేశంలో మీట జరిపీ జరపకముందే బొమ్మ మారింది.

"ఇది లెక్క కాదు, ముందే తీసిన ఫొటోలు," అన్నాడు పరశురాం. "జనాన్ని మోసం చేస్తున్నవమ్మా."

"ప్రశ్న మారకుంటే జవాబు మారదు సార్. మీకు నచ్చింది ఒకటి చెప్పుండ్రి, అందరి ముందే మళ్లా కడత."

ఆయన చెప్పాడు. నాలుగు నిమిషాలు అందరూ కూర్చున్నారు. కొత్త బొమ్మకూ దాచిన బొమ్మకూ వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు చెన్నయ్య లేచాడు. "మా తూము కాడ మోకాలెత్తు ఒండ్రు పేరుకున్నది. గది లెక్కల పెట్టినవా?"

పెట్టలేదు. పరశురాం అనుమానంలోనూ కొంత న్యాయముంది: దాచిన జవాబు, అది నిలిచిన నేల మారనంతవరకే నిజం. మెర్సీ తల వంచలేదు, సాకు చెప్పలేదు. అందరూ చూస్తుండగానే రెండు వందల జవాబులనూ తుడిచేసింది.

"ఇవి పాతవైనయి. ఒండ్రు పెట్టి మళ్ల కడత. రేపు రాండ్రి."

"రేపా? వంతు ఇయ్యాలే తేలాలి," అంటూ పరశురాం సంతకాల కాగితం ముందుకు తోశాడు.

చెన్నయ్య దాన్ని వెనక్కి నెట్టాడు. "నాలుగు నిమిషాలకు నవ్వినోళ్లమే సార్. ఒక్క రోజు ఆగుతం. మా ప్రశ్న మేం అడిగినంకనే సంతకం."

అతని వెనకే ఒక్కొక్కరుగా లేచి బయటికి నడిచారు. కాగితం తెల్లగానే మిగిలింది. ఖాళీ కుర్చీల మధ్య మెర్సీ ఒండ్రు ఎత్తు నమోదు చేసి, మొదటి లెక్క మొదలుపెట్టింది.