వైఫైకి ఉప్పుగాలి తగలనివ్వని తాత

మైపాడులో హెబ్రోను తాత నలభై ఏళ్లు పడవల ఇంజన్లు బాగుచేశాడు. పడవ ఎక్కడం మాత్రం ఆయన వల్ల కాదు, ఎక్కితే వాంతి. ఇక సముద్రపు గాలి అంటే భయం, అది ఇనుమును తినేస్తుందని. అందుకని ఇంట్లో గోడమేకుకు కూడా గ్రీజు పూసి ఉంటుంది. అవ్వ కళ్లజోడు ప్లాస్టిక్‌ది గనుక బతికిపోయింది.

అలాంటి ఇంటికి వైఫై వచ్చింది, అవ్వ కోసం. కరుణాకుమారి అవ్వకు మోకాళ్లు మొరాయించి నెల్లూరు బస్సు ఎక్కలేకపోతోంది. అందుకే ప్రతి ఆదివారం నాలుగింటికి చర్చి స్త్రీల సమాజంలో ఫోన్లోనే కూర్చుంటుంది. మొదటి పాట ఎప్పటినుంచో అవ్వదే. ఇప్పుడా పాట మధ్యలో తెగిపోతోంది. ఒక వారం మొదటి చరణంలో, ఇంకో వారం మూడో చరణంలో.

"పాట మరిచిపోతున్నట్టున్నావక్కా. వచ్చే వారం గూడా ఇట్నే అయితే అబిగయీలు పాడతాదిలే" అని సమాజానికి పెద్దగా ఉన్న సామ్రాజ్యం అనే ఆవిడ మెత్తగా అనేసింది. ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు.

కేబులు మనిషి కిషోర్ బాబు మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పొద్దున్నే.

"బ్రహ్మాండంగా ఉంది గదా పెదనాయనా! ఏంది దీనికి రోగం?"

"సముద్రం గాలి పడదబ్బయా దీనికి. గాలి మళ్లిందంటే పడకేస్తాది."

అతను నవ్వి వెళ్లిపోయాడు. తాత ఒక సంగతి చెప్పలేదు. వైఫైని గోడ మీంచి దింపి, వెనక గదిలో ఇంజన్ సామాన్ల రేకుపెట్టెలో పాత లుంగీ పరిచి పడుకోబెట్టాడు. కిషోర్ బాబు వస్తున్నాడంటే మళ్లీ గోడకెక్కించేవాడు, పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు.

ఆ ఆదివారం తాత పెట్టె పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. మూత తెరిచే ఉంది. లుంగీ మీద పచ్చదీపాలు దూరాన వేటకెళ్లిన పడవల్లా మిణుకుమంటున్నాయి. ముందు గదిలో అవ్వ గొంతెత్తింది. గాలి లేదు, కొబ్బరాకు కదలడం లేదు. పాట ఇల్లంతా నీళ్లలా నిండి, గడప దాటి ఇసుక మీదికి పారుతున్నట్టుంది. తాత కళ్లు మూతలు పడ్డాయి. పొగ లేని ఇంజనేదో తాడు మొదటి లాగుడుకే అందుకున్నట్టు, ఊగుతూ ఎక్కడికో పోతున్నాడు. ఆయనకు వాంతి రాని పడవ అదొక్కటే.

రెండో చరణంలో కిటికీ రెక్క కదిలింది. చెంపకు ఉప్పు తగిలింది. కళ్లు తెరవకుండానే తాత చెయ్యి లేచి పెట్టె మూత వేసేసింది. గాలి మళ్లితే సామాన్ల పెట్టె మూయడం నలభై ఏళ్ల అలవాటు.

"హలో... అమ్మా, వినపడతందా?" ముందు గదిలో పాట ఆగింది.

తాత ఉలిక్కిపడి మూత తెరిచాడు. కాసేపటికి "పాడక్కా!" అంటూ ఫోన్లో ఆడవాళ్ల గొంతులు. నమ్మలేక మళ్లీ మూశాడు. పోయాయి. తెరిచాడు. వచ్చాయి. ఇంజన్ రోగం దొరికితే తాత ఈల వేస్తాడు. ఈసారి వేయలేదు. రోగం తన చేతిదే.

వైఫైని రెండు చేతులా ఎత్తి, వైరు అందినంత దూరం లాగి, నెత్తి మీద పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ మొదటి నుంచి అందుకుంది. మూడు చరణాలూ పాడింది. ఉప్పుగాలి వైఫై మీదుగా, తాత బట్టతల మీదుగా పోతూనే ఉంది.

"అబిగయీలు ఇంకొన్నాళ్లు వింటా కూర్చోవాల్సిందే" అని ఫోన్లో సామ్రాజ్యం నవ్వింది.

అవ్వ గోడ పట్టుకుని వెనక గదికి వచ్చింది.

"ఏందయ్యా ఆ నిలబడ్డం?"

"పెట్టెలో పెట్టుంటిని మే. గాలొస్తే నేనే మూస్తా ఉన్నా."

అవ్వ ఖాళీ రేకుపెట్టె మూత వేసేసింది. "గోడకి తగిలించు."

"తుప్పు పట్టదా?"

"పట్టనీ. నా మోకాళ్లకీ పట్టింది గదా. నేను పాడడంలా?"