కోత పండుగ నాటి ఎర్రకోడి

మా పెద్దవాడికి ఏడాదిన్నర దాటినా నడక రాలేదు. రాలేదంటే ఉన్నచోట ఉండేవాడని కాదు. ఒక కాలు మడిచి, ఇంకోటి చాపి, చేత్తో నేలను నెట్టుకుంటూ పిర్రల మీద దేకేవాడు. ఏం వేగం అది! ఉప్పల్‌లో మా ఇంటి షాబాదు బండల మీద సర్రున జారుతూ వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేసేవాడు. వాడి లాగులన్నీ వెనకవైపే చిరిగేవి. అతుకు మీద అతుకు వేయలేక నేను విసుక్కుంటుంటే, నాచారం ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద వచ్చిన మా ఆయన ఆ లాగుల్ని చూసి పడీపడీ నవ్వేవారు. కుట్టేది ఆయన కాదు కదా!

వాడికి మా ఎర్రకోడంటే ప్రాణం. రొట్టె ముక్క చేతికిస్తే సగం దానికే. ఒకరోజు వాడు కనబడక ఇల్లంతా వెతికాను. తీరా చూస్తే మంచం కింద, పొదుగుతున్న కోడిని బుట్టలోంచి లేపేసి, గుడ్ల మీద తానే కూర్చుని ఉన్నాడు! కోడి పక్కన నిలబడి లబోదిబోమంటోంది. ఆ లాగు ఉతుకుతూ వాణ్ణి తిట్టాను, తిడుతూనే నవ్వాను.

నవ్వేదాన్నే గానీ లోపల భయంగా ఉండేది. అవి అరవైల చివరి రోజులు. మా వాడకట్టులో ఒక పాపకు పోలియో వచ్చి కాలు సన్నబడిపోయింది. దవాఖానాలో డాక్టరమ్మ, "కాళ్ళు మంచిగనే ఉన్నయమ్మా, ఫికర్ జెయ్యకు" అంది. అయినా స్నానం పోసినప్పుడల్లా వాడి కాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని.

అప్పుడు మా అత్తమ్మ ఒక మొక్కు మొక్కింది. మా గుడిలో, అంటే చర్చిలో, కోత పండుగ రోజు అందరూ తెచ్చిన వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు ఆరాధన అయ్యాక హర్రాజు వేస్తారు. ఎవరు ఎక్కువ పాట పాడితే వాళ్ళవి. వచ్చిన డబ్బు గుడికి. ఆ పండుగకు ఎర్రకోడిని ఇస్తానంది అత్తమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "నడిచినంక ఇస్తమని మొక్కాలె గని, ముందుగాల్నే ఇచ్చుడేంది అత్తమ్మా?"

"దేవునితోటి బేరం జేస్తవా పిల్లా? ముందుగాల ఇయ్యాలె. ఇచ్చినంక సూడు."

పండుగ దాకా ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను.

పండుగనాడు గుడంతా జొన్న కంకులు, చెరుకు గడలు. చాపల మీద ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు ఇరుక్కుని కూర్చున్నాం. సంఘ పెద్ద కాళ్ళకు తాడు కట్టిన మా ఎర్రకోడిని పైకెత్తి చూపించాడు. "పాడుండ్రి! గుడ్లు బెట్టే కోడి!"

మావాడు అది చూశాడు. నా ఒళ్ళోంచి జారి దేకబోయాడు. చుట్టూ మోకాళ్ళే, దేకడానికి జాగా ఏదీ? కీచుమని అరిచి, ముందున్నామె భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. అంతలో తాడు ఊడి, కోడి టపటపమని కిందికి దూకి పరుగు తీసింది. మగవాళ్ళు నలుగురైదుగురు దాని మీదికి ఉరికారు. మావాడు ఆ భుజం వదిలేశాడు. ఒక అడుగు. ఇంకో అడుగు!

"పట్టకుండ్రి! కోడిని ఎవ్వలూ పట్టకుండ్రి! నా మనుమడు నడుస్తుండు!"

మా అత్తమ్మ గొంతుకు గుడి దద్దరిల్లింది. కోడి మీదికి వంగిన సంఘ పెద్ద వంగినట్టే ఆగిపోయాడు. ఆడవాళ్ళు కొంగులు, కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. కోడి గుమ్మడికాయల చుట్టూ తిరిగింది, వెనకాలే వీడు. అది ఆరాధన బల్ల కిందికి దూరబోతే పాస్టరు అయ్యగారే తన తెల్లంగీ ఎత్తిపట్టి పక్కకు తప్పుకున్నారు. వాడు పడ్డాడు, లేచాడు, మళ్ళీ నడిచాడు! చివరికి కోడి ఒలికిన వడ్ల దగ్గర ఆగి గింజలు ఏరుకుంటుంటే, వాడు వెళ్ళి దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. గుడంతా "స్తోత్రం! స్తోత్రం!" అని ఒకటే కేకలు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

కోడి దేవుడిది కాబట్టి హర్రాజు మళ్ళీ మొదలుపెట్టారు. అత్తమ్మ పాట పాడింది. "ఒకటోసారి… రెండోసారి…" అంటూ సంఘ పెద్ద చుట్టూ చూశాడు. పైపాట పాడడానికి ఒక్కరూ నోరు విప్పలేదు.

అత్తమ్మ డబ్బు కోసం కొంగు ముడి విప్పబోయింది. ఎంత లాగినా ముడి రావడం లేదు.

"ఏమైందత్తమ్మా?"

"మస్తు భయమైంది బిడ్డా," అంది మెల్లగా. "కోడినిచ్చినంక గూడ వాడు నడవకపోతే, ఇంకేమియ్యాలె? నా దగ్గర ఇంకేమున్నది?"

ఆ ముడి నేనే విప్పాను.