కంపకూ గుడిసెలకూ నడుమ

మా కర్నూలు సీమ పల్లెలకు ప్లేగు నేర్పిన పాఠం ఒక్కటే. ఎలుక రాలితే ఊరు విడవాలి. ఇంట్లో ఎలుక చచ్చిపడిన నాడే మూటాముల్లె సర్దుకొని, ఊరికి ఎగువనున్న మెట్టపొలంలో చొప్పగుడిసెలు వేసుకొనేవాళ్లం. ఊరి వాకిట తుమ్మకంప అడ్డం వేసి కాపలా ఉంచేవారు. పెద్దలు మంచిరోజు చూసి ఆ కంప తీసేవరకు ఎవ్వరూ తమ ఇంటి గడప తొక్కరాదు. సర్కారు చట్టంకన్నా మాకు ఈ కట్టడి గట్టిది. అది మమ్మల్ని రెండు పర్యాయాలు కాపాడింది కూడా. అందుచేతనే, మొదటి జర్మనీ యుద్ధం ముగియవచ్చిన ఏడు విషజ్వరం వచ్చినప్పుడు, ఒక్క ఎలుకైనా రాలకపోయినా ఊరంతా మళ్లీ మెట్టకెక్కింది.

ఆ ఏడు వానలు లేవు. జొన్న మోకాలెత్తున మాడిపోయింది. చొప్ప చాలక, ఇరుగుపొరుగుల నడుమ ఒకే గోడ ఉండేటట్లు గుడిసెలను వరుసగా అతికించి కట్టుకొన్నాము. ఒకరు దగ్గితే వరుస చివరిదాకా వినిపించేది. ప్లేగునాడు ఆ దగ్గరితనం మనసుకు ధైర్యంగా ఉండేది. ఈ జ్వరం మాత్రం ఆ దగ్గరితనాన్నే దారి చేసుకొని గుడిసెనుంచి గుడిసెకు నడిచింది. కోసిగి వైపునుంచి కూలికి వచ్చినవారు తెచ్చారని కొందరూ, యుద్ధంనుంచి మరలివచ్చిన సిపాయిలు తెచ్చారని కొందరూ వాదించుకొనేవారు. వాదించినవారే మరునాటికి పడకవేసేవారు.

నేనప్పటికి ఆ ఊళ్లో వీధిబడి నడుపుతూ, తీరిక వేళల్లో కావ్యాలు చదువుకొంటూ ఉన్న యువకుణ్ణి. నా భార్య గర్భవతి, నెలలు నిండవస్తున్నాయి. మెట్టకెక్కిన కొన్నాళ్లకే ఆమెకు జ్వరం తగిలింది. పెదవులు నీలివారాయి. పడుకొంటే ఊపిరి ఆడదు. ఆనుకొని కూర్చుందామంటే చొప్పగోడ బరువు ఆపదు. గుడిసె వాకిట కూర్చోబెడితే కింద ఊళ్లో మా మిద్దె కనిపించేది. రాతిగోడలతో, వెడల్పైన పంచతో, అది మనుషులు లేక ఊరకే ఉంది. మా మిద్దే కాదు, అక్కడున్న ఇళ్లన్నీ అంతే. ఆమె అడిగింది ఒక్కటే, "మనింటికి తీసకపో. ఈడ ఊపిరాడలేదు."

ఊరి పెత్తనం చేసే రెడ్డి ఆ మాట చెవిని పెట్టలేదు. ఆయన కఠినుడు కాడు. మునుపటి ప్లేగులో, మరచిన వస్తువేదో తెచ్చుకొందామని కంప దాటిన అన్నను పోగొట్టుకొన్నవాడు. ఒకరికి కంప తీస్తే అందరికీ తీయాలని మాత్రం అన్నాడు.

ఇక మిగిలింది పట్నంలోని ఆసుపత్రి. ఇంటికాడ మాకు పొరుగువాడైన దూదేకులాయన, అడగకముందే బండి కట్టాడు. ఎండిన హంద్రి ఏటి ఇసుకలో ఎద్దులు చక్రాలను ఈడ్చలేక ఈడ్చాయి.

ఆసుపత్రి పంచలనిండా జనం. పంచ చాలక చెట్లకింద చాపలు పరిచారు. రోగుల వెంట వచ్చినవారు ఆవరణలోనే రాళ్లపొయ్యి పెట్టి గంజి కాస్తున్నారు. మందు పోసే కాంపౌండరు నిలబడే ఓపికలేక ముక్కుకు గుడ్డ కట్టుకొని పీటమీద కూర్చొనే సీసాలు నింపుతున్నాడు. డాక్టరు కూడా దగ్గుతూనే బండి దగ్గరికి వచ్చి, ఆమె వీపుమీద చెవి ఆనించి విన్నాడు. మంచం లేదన్నాడు. ఎక్కడ ఉంచారని అడిగాడు. చెప్పాను.

"ఇది ప్లేగు కాదు. ఎలుకలతో దీనికి పని లేదు. అందరినీ అట్లా కుక్కిపెడితే ఒకరినుంచి ఒకరికి తగిలి అందరూ పోతారు. ఇల్లుంది కదా? గాలి వచ్చేచోట వేరుగా పడుకోబెట్టండి."

పొద్దు వాలేవేళకు తిరిగి వచ్చాము. ఊరి వాకిట కాపలావాళ్లు కట్టెలు అడ్డం పెట్టారు. మెట్టమీదికి పోదామంటే, ఆసుపత్రినుంచి వచ్చినవాళ్లు గుడిసెల్లో అడుగు పెట్టరాదని అక్కడివాళ్లూ అడ్డం నిలిచారు. డాక్టరు చెప్పినదంతా గొంతెత్తి చెప్పాను. వినేటంత దగ్గరికి ఎవ్వరూ రాలేదు. అటు ఊరు, ఇటు మెట్ట, నడుమ బండిదారిలో మేము ముగ్గురం నిలిచిపోయాము.

దూదేకులాయన కాడి దించి అన్నాడు, "ఊరికీ పనికిరాము, మెట్టకూ పనికిరాము. ఇంక మన ముగ్గురిదే ఒక ఊరు. రెడ్డిరికం ఎవరిది సామీ, నీదా నాదా?"

"నాది," అంది నా భార్య కళ్లు తెరవకుండానే. "ముందు ఎద్దులకు నీళ్లు పెట్టుపో."

అట్లా ఆ బండి మాకు ఇల్లయింది. దూదేకులాయన భార్య గంజిముంత దూరంగా పెట్టి, మొగుణ్ణి ఒకసారి చూసి వెళ్లిపోయేది. గడుస్తున్న దినాలన్నీ ఒక్కతీరుగానే ఉండేవి. పగలు ఎండ, పొద్దుగూకితే నల్లరేగడి మీదినుంచి చలిగాలి. ఎటు చూసినా దారి కనబడుతూనే ఉంది, ఏ దారీ మాది కాదు. మెట్టమీద ఏడుపు లేస్తే అది ఏ గుడిసెలోదో పోల్చుకోవడం, మళ్లీ ఆమె ఊపిరి వినడం, ఇంతే నా పని.

ఒక మధ్యాహ్నం రెడ్డి మెట్ట దిగి వచ్చాడు. అంతవరకు ఎవరూ రానంత దగ్గరికి వచ్చి నిలిచాడు. ఆయన కోడలు జ్వరంతో పడిందని దూదేకులాయన భార్య అంతకుముందే కేకవేసి చెప్పిపోయింది.

"అయివారూ, ఆస్పత్రిలో ఏమన్నారు?"

"వచ్చిన పొద్దే అరిచి చెప్తిని కదా."

"ఎవురు విన్నారప్పా. ఇప్పుడు చెప్పు."

చెప్పాను.

"ఎలకలతో పని లేదన్నాడా?"

"లేదన్నాడు."

"మరి ఊరినంతా నేను యాడికి తెచ్చిపెట్టినట్ల?"

ఆయన నేరుగా ఊరి వాకిటికి నడిచాడు. మంచిరోజు చూడలేదని కాపలావాళ్లు నసిగారు. ఆయన వట్టి చేతులతోనే కంప లాగసాగాడు. ముళ్లు దిగి మోచేతులదాకా నెత్తురు కారింది. కాపలావాళ్లు చూస్తూ నిలిచి, ఆపై తామూ చేయి వేశారు.

మమ్మల్ని మా ఇంట్లో దించి, దూదేకులాయన కాడి విప్పకుండానే బండి మెట్టకు మళ్లించాడు. రెడ్డి కోడలిని ఎక్కించుకొని ఊరి వాకిట కంప తీసిన చోటికి వచ్చేసరికి ఆమెకు ప్రాణం లేదు. ఆమె వెనుకనే తక్కినవారందరూ ఒక్కరొక్కరుగా ఇళ్లకు దిగారు.

మాకు బిడ్డ దక్కలేదు. నా భార్య దక్కింది. ఆమె గోడకు ఆనుకొని కూర్చోగలిగిన తరువాత ఒక పొద్దున రెడ్డి మా వాకిట్లోకి వచ్చాడు.

"లోపలికి రా మామా, కూసో," అంది ఆమె ఊరివరస కలిపి.

"కూసోనులేమ్మా. ఊపిరి బాగా ఆడుతాండాదా?"

"ఆడుతాండాది."

ఆయన ద్వారబంధం పట్టుకొని, ఆమె ఊపిరి తీసుకోవడం చూస్తూ నిలబడ్డాడు.