ముందు ఆమె సంగతి, తర్వాత నా సంగతి

మా పుట్టింట్లో ప్రార్థనకి ఒక వరస ఉండేది. ముందు దేశం, తర్వాత చర్చి సంఘం, తర్వాత జబ్బుపడ్డవాళ్ళు, తర్వాత చుట్టాలు, ఇరుగుపొరుగు. ఇంక చెప్పుకోవడానికి ఎవరూ మిగలనప్పుడు, అన్నిటికంటే చివర, మన సంగతి. "విందులో మన విస్తరి ముందు చాపుతామా? దేవుడి దగ్గరా అంతే, మర్యాద కాదు" అనేవారు మా నాన్న. గుంటూరు జిల్లాలో నేర్చుకున్న ఆ మర్యాదని పెట్టెలో చీరలతోపాటు సర్దుకుని హైదరాబాదు వచ్చాను. ఆ మర్యాదే నా కొంప ముంచిందని చాలా ఏళ్ళు నమ్మాను.

మా ఆయనకి బొంబాయి రోడ్డు మీద ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. క్వార్టరు ఇంకా రాలేదు. మదీనాగూడలో ఒక రైతు కుటుంబం వాళ్ళ ఇంట్లో ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. డెబ్బైల మొదట్లో సంగతి. అటు రాళ్ళగుట్టలు, ఇటు వరిపొలాలు, మధ్యలో మేం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అద్దాల మేడలు చూసి మా మనవలు "అమ్మమ్మా, నువ్వు ఇక్కడ నీళ్ళు మోశావా?" అని నవ్వుతారు. మోశాను. నేనూ, ఇంటివాళ్ళ కోడలూ కలిసి మోశాం.

ఇంట్లో ముసలావిడ, ఆమె కొడుకు, కోడలు. కోడలు నాకంటే చిన్నది. తల్లి లేని పిల్ల. నన్ను "అక్కా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది. నాకు పెళ్ళయి ఐదేళ్ళు దాటినా కడుపు పండలేదు. ఆమెకీ అంతే. అందుకే మా ఇద్దరికీ అంత జత కుదిరింది. పిల్లల తల్లులు బావి దగ్గర పిల్లల దగ్గుల గురించి, దద్దుర్ల గురించి మాట్లాడుకుంటుంటే మేమిద్దరం మా బిందెలు ఎత్తుకుని చక్కా వచ్చేవాళ్ళం.

శుక్రవారం నేను ఉపవాస ప్రార్థన చేసేదాన్ని. ఒకనాడు ఆమె గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఎందుకక్కా పస్తులుంటున్నవ్?"

"పిల్లల కోసమే."

గడపలోనే కూర్చుంది. "నేను గుళ్ళన్ని తిరిగిన. దర్గాకు గూడ పోయిన. జర నా ముచ్చట గూడ మీ దేవుని చెవుల ఎయ్యరాదు అక్కా."

"అడగందే అమ్మైనా పెట్టదు, రా కూర్చో" అన్నాను. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం నా పక్కన కూర్చునేది. నేను ముసుగు వేసుకుంటే తనూ తలమీద కొంగు కప్పుకునేది. తన దేవుళ్ళని వదల్లేదు, నేనూ వదలమని చెప్పలేదు. నేను వరస ప్రకారం దేశాన్నీ సంఘాన్నీ జబ్బువాళ్ళనీ దాటుకుని వచ్చి, "తండ్రీ, ఈ చెల్లెలికి గర్భఫలం దయచెయ్యి" అని, చిట్టచివర "నీ చిత్తమైతే నాకు కూడా, ఆడైనా మగైనా ఎవరో ఒకరిని" అని ముగించేదాన్ని. ఆమెకి ఆమేన్ అనడం నోరు తిరిగేది కాదు. "సరే దేవుడా" అనేది.

ఆ ఎండాకాలంలో ఆమెకి నెల తప్పింది.

అత్తకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు. మొట్టమొదట నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. "అక్కా, మీ దేవుడు ఇన్నడు!" అని నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. నేను "దేవుడికి స్తోత్రం" అన్నాను. నోటితో అన్నాను. కడుపులో మాత్రం భగ్గుమంది. చెప్పడానికి సిగ్గెందుకు, భగ్గుమంది! లోపలికి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరికే అన్నారా?

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, "మంచిదే కదే, నీ ప్రార్థన విన్నాడు" అన్నారు.

"ఆఁ, విన్నాడు. ఆవిడ సంగతి దాకా విని, నా సంగతి వచ్చేసరికి లేచి వెళ్ళిపోయాడు."

"దేవుణ్ణి పట్టుకుని అవేం మాటలే?"

"మరేమనమంటారు? పుట్టినప్పటినుంచి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నదాన్ని నేను. మొన్న మొన్న గడపలో కూర్చున్న మనిషికి ముందా?"

ఆయన చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోవడానికి పోయారు. నేను మాత్రం కూర్చుని ఆలోచించగా ఆలోచించగా తప్పెక్కడ జరిగిందో దొరికింది. వరసలో జరిగింది! రేషన్ షాపు దగ్గర నిలబెట్టినట్టు నా ముందు ఆమెని నిలబెట్టింది నేనే. నా వంతు వచ్చేసరికి చక్కెర అయిపోయింది. మరుసటి శుక్రవారం మా నాన్న నేర్పిన వరసని తలకిందులు చేశాను. కళ్ళు మూసుకోగానే ముందు నా సంగతి. దేశం సంగతి దేశం చూసుకుంటుంది. ఆమె పేరు అసలు ఎత్తనే లేదు. పక్కన కూర్చున్న ఆమె, తన పేరు రాలేదని గమనించిందో లేదో, ఎప్పటిలాగే "సరే దేవుడా" అంది.

వరస మార్చినా ఏమీ జరగలేదు. నెల నెలా అదే నిరాశ.

ఆదివారాలు ఫ్యాక్టరీ టౌన్‌షిప్పులో ఒక బడి వరండాలో మా ఆరాధన జరిగేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారిని నిలదీశాను. "దేవుని సమయం కోసం కనిపెట్టుకుని ఉండాలమ్మా. ఆయన ఎన్నడూ ఆలస్యం చెయ్యడు" అన్నారు. ఆయన ఐదుగురు పిల్లల్లో ఇద్దరు అప్పుడు ఆయన అంగీ పట్టుకుని వేలాడుతున్నారు. మంచి మనిషే, పాపం. కానీ ఆలస్యం అమృతం విషం అని మా అమ్మమ్మ అనేది. దేవుడి గడియారం మా వాటా గడప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుందో అయ్యగారు చెప్పలేదు. అడిగితే విశ్వాసం తక్కువంటారని నేనూ అడగలేదు.

ఇంటికొస్తే ఆమె వేవిళ్ళతో గడపలో కూలబడి ఉండేది. అన్నం సయించదు. "అక్కా, నీ చేతి గోంగూర తొక్కు గావాలె" అని గారాలు పోయేది. తల్లి లేని పిల్లాయె, కాదనలేను. రోట్లో వేసి నూరాను. నూరానా! ఆ గోంగూర నాకేం అపకారం చేసిందో దానికే తెలియాలి. కారం రెండింతలు వేశాను, తినలేక ఊరుకుంటుందని. లొట్టలేసుకుంటూ తిని, ముక్కు ఎగబీల్చుకుంటూ, "మస్తుగున్నదక్కా, రేపు గూడ చెయ్యవా?" అంది. కుళ్ళుకోవడానికి కూడా సందివ్వని మనిషి.

కొడుకు పుట్టాడు. దవాఖానలో ఒక్క రోజు ఉండి ఇంటికొచ్చారు. మధ్యలో ఒక్క గోడే. వాడు ఏడ్చినప్పుడల్లా మా ఇల్లంతా ఏడ్చినట్టుండేది. వాడు ఊరుకున్నాక నాకు ఇంకా కష్టంగా ఉండేది, ఎందుకంటే వాడెలా ఊరుకున్నాడో నాకు తెలుసు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల వేశారు, మా వైపు ఉయ్యాలలో వెయ్యడం అంటాం. ఆ పూట తలనొప్పి అని పడుకుందామని ముందు రోజే అనుకున్నాను. ఆమె ఒప్పుకుంటేనా! పచ్చి బాలింత తనే వచ్చి నా మంచం దగ్గర నిలబడింది. చేసేది లేక పట్టుచీర కట్టుకుని వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. ఇల్లంతా ఆడవాళ్ళు. ఆమె పిల్లవాణ్ణి తెచ్చి, పెద్దవాళ్ళందరినీ దాటుకుని, నా ఒళ్ళో పెట్టబోయింది.

చుట్టాలావిడ ఒకామె గట్టిగానే అంది. "పిల్లలు లేని ఆమె ఒళ్ళో ముందుగాల పెడ్తరా ఎవరన్న?"

నాకు లేచి పోదామనిపించింది. పిల్లవాడి తల్లి మాత్రం వెనక్కి తగ్గలేదు. "వీన్ని అడిగిందే అక్క. ముందుగాల అక్క ఒళ్ళోనే. అక్కా, మీ దేవునికి ఓ మాట చెప్పు" అని పెట్టేసింది.

తల వంచుకున్నాను. "మహా పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ శిశువును నీ హస్తాలకు అప్పగిస్తున్నాం" అని మొదలుపెట్టాను. ఆయురారోగ్యాలు అడిగాను. జ్ఞానం అడిగాను. ఇంతలో వాడు నా ఒళ్ళో వెచ్చగా పోశాడు. నా పెళ్ళినాటి పట్టుచీర తడిసింది. ఇంకా రెండు మాటల్లో ప్రార్థన అయిపోయేదే. ఆ తడి తగిలేసరికి నా గొంతు నా మాట వినలేదు.

"ప్రభువా, నాకెప్పుడు? ఎన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లల కోసం నిన్ను అడుగుతూ కూర్చోవాలి? దీనికిచ్చావు. నేనడిగితేనే ఇచ్చావు. మరి నేనేం పాపం చేశాను? ఈ పిల్లని చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. ఏడుపుగా ఉంది. నా వల్ల కావట్లేదు."

ఆమేన్ కూడా అనలేకపోయాను. అందరికీ తెలుగొచ్చు కదా, అందరికీ అర్థమైంది. శుభమా అని తొట్టెల వేస్తుంటే బాలింత ముందు కుళ్ళు కక్కాను. ఇంక ఈ ఇంట్లో మాకు నీళ్ళు పుట్టవనుకున్నాను.

ముసలావిడ గొంతు సవరించుకుంది. "గట్ల అడుగు బిడ్డా! గింతసేపు ఏందో సదివినట్టు సదివినవ్. ఇగో ఇప్పుడు అడిగినవ్." రెండు చేతులూ పైకెత్తింది. "ఓ దేవా, యేసయ్యవో ఇంకెవ్వలవో, మా కిరాయి పిల్లకు ఒక్క కాయ గాయనియ్యి." వెనక నుంచి ఎవరో "ఇయ్యాలె" అన్నారు. ఇంకొకరు "తప్పకుంట ఇయ్యాలె" అన్నారు. ఇందాక మాట విసిరిన చుట్టాలావిడ కూడా కళ్ళు ఒత్తుకుని "ఇస్తడు తియ్యి" అంది.

పిల్లవాడి తల్లి నా పక్కన చతికిలబడింది. "నా మీద కోపమొచ్చిందా అక్కా?"

"వచ్చింది."

"రానియ్యి" అని, తడిసిన పిల్లవాణ్ణి ఎత్తుకుంది.

ఆ రోజుతో నా కుళ్ళు పోయిందనుకుంటున్నారేమో. పోలేదు. కాకపోతే దాచుకునే పని తప్పింది. శుక్రవారాలు మళ్ళీ కూర్చున్నాం. ఇప్పుడు నా సంగతి ఆమే చెప్పేది, పొలంలో కూలీ వాళ్ళతో మాట్లాడినంత గట్టిగా. "ఏమయ్యా, ఎన్నిసార్లు చెప్పాలె? అక్క కొడుకు సంగతి ఏమాయె?" అని దబాయించేది. నేను ఓపిక పట్టలేని రోజున ఆమె నా బదులు కనిపెట్టుకుని కూర్చునేది. ఈలోగా ఆమెకి రెండోవాడు కూడా పుట్టాడు. ఆ వార్త చెప్పడానికి వచ్చి, నా మొహం చూసి, "తిట్టు అక్కా, తిట్టి గోంగూర జెయ్యి" అంది. తిట్టాను. చేశాను.

మాకు క్వార్టరు వచ్చింది. టౌన్‌షిప్పుకి మారిపోయాం. ఆమె వీలున్న శుక్రవారమల్లా చంటివాణ్ణి చంకనేసుకుని బస్సెక్కి వచ్చేది. నాకు నెల తప్పేసరికి ఆమె పెద్దకొడుకు బడికి పోతున్నాడు. నాకు కూతురు పుట్టింది.

మా సంఘంలో దేవుడు మేలు చేస్తే అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. పిల్లనెత్తుకుని ఆ బడి వరండాలో నిలబడ్డాను. ఎన్నో ఏళ్ళుగా మనసులో రాసుకున్న సాక్ష్యం అది, ఒక్క మాట తడబడకూడదు. "ఈ బిడ్డ కోసం నేను చేసిన ప్రార్థన ఆయన తగిన సమయంలో ఆలకించి..." అంటూ తలెత్తితే, చివరి వరసలో ఆమె. ఒళ్ళో ఒకడు, పక్కన ఒకడు, తలమీద కొంగు. అక్కడ ఆగిపోయాను. ఇన్నేళ్ళూ గట్టిగా అడిగిందెవరు? ఆ మాట తట్టగానే, నిజం చెప్తున్నాను, నాకు మళ్ళీ భగ్గుమంది. చివరికి నా పిల్లని కూడా ఆమె మాట మీదే ఇచ్చాడా?

అయినా అబద్ధం చెప్పి సాక్ష్యం అనలేను. "ఈ బిడ్డని నేనొక్కదాన్నే అడగలేదు. చివర్లో కూర్చున్న మా చెల్లెలు కూడా అడిగింది. దేవుడు ఎవరి మాట విన్నాడో నాకు తెలియదు" అన్నాను.

సంఘమంతా వెనక్కి తిరిగింది. తనని పిలిచారనుకుని ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది.

"అక్క మాటే ఇన్నడు" అంది గట్టిగా. "నేను కొడుకును ఇయ్యమన్న. ఆడపిల్లనిచ్చిండు. అంటే అక్క మాటే ఇన్నట్టు గదా."

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి స్తోత్రం అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను ఆడపిల్ల కావాలని ఒక్కనాడూ అడగలేదు. ఎవరో ఒకరు అన్నాను, అంతే. ఆ సంగతి ఆమెకి తెలుసు, పక్కన కూర్చుని ప్రతి శుక్రవారం విన్నదే.

ఇప్పటికీ ఆమెని తలుచుకుంటే నాకు కుళ్ళే. అన్నేళ్ళు నా కోసం దబాయించి తను అడిగి, ఆ ఘనతంతా అంత తేలిగ్గా నాదేనని నా చేతిలో పెట్టి కూర్చుంది. అలాంటి మనసు నాకూ ఇమ్మని అడుగుతూనే ఉన్నాను. ఇంకా రాలేదు.