స్లాబు ఎక్కిన పైపు

పెండ్లయిన ఏడాదే భీమమ్మ పెద్దమందడి పక్కనున్న పల్లె విడిచి మొగుడితో హైదరాబాదుకు పనికి పోయింది. సొంత పొలం లేదు, వానకు నమ్మకం లేదు. పట్నంలో లేచే మిద్దెలే ఆ పల్లెలో సగం ఇండ్లకు బతుకుదెరువు.

స్లాబు పడే రోజు ఆడోళ్లంతా కర్రలతో కట్టిన మెట్ల మీద మెట్టుకొకరు నిలబడి కాంక్రీటు నింపిన గమేళాలు, అంటే ఇనుప తట్టలు, పైకి అందించేవాళ్లు. ఒక చెయ్యి ఆగితే వరుసంతా ఆగుతుంది, కింద కలిపిన మాలు గట్టిపడుతుంది, మేస్త్రి కురుమూర్తి అరుపు మొదలవుతుంది. భీమమ్మకు పై మెట్టు మీద ఎప్పుడూ ఆమె మొగుడైన ఆశీర్వాదం అక్క నర్సమ్మ ఉండేది. భర్త పోయినంక నర్సమ్మ వీళ్ల గుడిసెలోనే ఉంటూ వచ్చింది. ఆశీర్వాదం అదే చోట ఇనుప చువ్వలు వంచే పని చేసేవాడు.

2006 ఎండాకాలంలో గచ్చిబౌలి వైపు పెద్ద అపార్టుమెంటు పని నడుస్తోంది. స్లాబు రోజని తెల్లారకముందే అన్నం వండుకొని పోయి చూస్తే మెట్లు కట్టనే లేదు. కాంక్రీటు నిండిన డ్రమ్మును తిప్పుకుంటూ ఒక లారీ వచ్చింది. ఇంకో బండి పొడుగాటి పైపును పైకి చాపింది. మాలు దానంతట అదే పై అంతస్తులో పడుతుంటే ఆడోళ్లు ఇసుక కుప్ప మీద కూర్చొని చూశారు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పేసరికి స్లాబు అయిపోయింది.

ఎత్తి అందించే బరువుకు మెడ నొయ్యకుండా పొద్దు గడిచిందని భీమమ్మకు మొదట హాయిగానే అనిపించింది. మూటలు సర్దుకుంటున్న తోటివాళ్ల ముఖాలు చూశాక, అట్లా అనిపించినందుకు సిగ్గేసింది.

కురుమూర్తి ఆమెను పక్కకు పిలిచాడు. కంపెనీవాళ్లు ఇక గుంపు అక్కర్లేదన్నారని, స్లాబు తడపడానికి ఒక్క మనిషిని ఉంచుకుంటారని చెప్పాడు. "నీ పేరు చెప్పిన భీమమ్మా. అంతకన్న నా చేతిల ఏం లేదు."

ఆమె గుడిసెకు పోయి నర్సమ్మకు చెప్పింది.

"వదినా, ఆ పనిల నువ్వుండు. నేను ఊరికి పోత."

"నాకు తిండి పెట్టేటోళ్లు లేరని పోతున్నవా?"

"కాదు. నీళ్ల పైపు పట్టుకొని అన్ని అంతస్తులు ఎక్కి దిగాలె. నా మోకాళ్లు ఒప్పుకోవు."

అది సగం నిజం. మిగతా సగం నర్సమ్మకూ తెలుసు.

ఆశీర్వాదం చువ్వల పనికి పట్నంలోనే ఉండిపోయాడు. ఊరికొచ్చిన భీమమ్మ రోజూ బస్సెక్కి వనపర్తి కూలీల అడ్డా మీద నిలబడేది. అక్కడి ఇరుకు సందుల్లో పైపు బండి తిరగదు కాబట్టి చిన్న ఇండ్ల స్లాబులకు ఇంకా చేతులు కావాల్సి వచ్చేవి. మెడనొప్పి మళ్లీ మొదలైంది. రాత్రి పక్కకు తిరగలేక మెలకువగా పడుకునేది. రెండేండ్లు నడిచిందో లేదో, మాలు కలిపి తానే పైకి మోసే లిఫ్టు మిల్లర్ వనపర్తికి కూడా వచ్చింది. అడ్డా మీద ఆడోళ్లు మధ్యాహ్నం దాకా కూర్చొని లేచిపోవడం మామూలైంది.

ఆ వానాకాలం నర్సమ్మ ఒక సంచితో వచ్చి గడపలో కూర్చుంది. పట్నంలో వానలు పడక నీళ్ల ట్యాంకర్లు కరువై, నీళ్లు ఆదా చేయాలని, కంపెనీవాళ్లు స్లాబు మీద తడి ఆరకుండా ఏదో మందు కొడుతున్నారట. తడిపే మనిషి అక్కర్లేదట.

"నీళ్లు మిగులుతయంటే మంచిదే కద," అంది నర్సమ్మ. "మనం యాడికి పోవాలె?"

భీమమ్మ లేచి వేడినీళ్లు కాచి ఇచ్చింది, పొయ్యి మీది ఎసట్లో ఇంకో పిడికెడు బియ్యం పోసింది. ఆమె వచ్చినందుకు లోలోపల సంతోషమైంది.

తర్వాత కొన్నాళ్లకు ఊరి బయట బూడిద ఇటుకల మిషన్ పెట్టారు. మట్టి తవ్వేది లేదు, బట్టీ కాల్చేది లేదు. మిషన్ నుంచి వచ్చే పచ్చి ఇటుకలను విరగకుండా ఎత్తి ఎండలో పేర్చాలి. ఓనరు ఒక్కరినే రమ్మన్నాడు. ఇద్దరమైతేనే వస్తామని ఈసారి భీమమ్మ కచ్చితంగా చెప్పింది. అతను సరేనన్నాడు.

మొదటి రోజు పచ్చి ఇటుకలున్న చెక్క పలకను చెరో కొసన పట్టుకొని నడిచారు. బూడిద కండ్లల్లో పడుతోంది. ఈ పని ఎన్నాళ్లుంటదో అని నర్సమ్మ అడిగింది. తెల్వదని చెప్పి, జర నిదానంగా నడువమంది భీమమ్మ.